అంతరంగం కాదమ్మా, కలం ఎండింది

పదేళ్ళ కిందట ఒక పత్రికకి కలంకారీ మీద వ్యాసం రాశాను. అందులో ఒక వాక్యం నాకు మహా నచ్చింది. "ఈ రేఖ ఎక్కడ బరువెక్కాలో, ఎక్కడ సన్నబడాలో నిర్ణయించేది చేయి కాదు, కళాకారుడి అంతరంగం." అచ్చులో చూసుకుని మురిసిపోయాను. తర్వాత రెండు సెమినార్లలో కూడా దాన్నే వాడుకున్నాను.

నేను వర్ణించిన ఆ వస్త్రాన్ని గీసినాయన శ్రీకాళహస్తిలో ఉంటారు. వ్యాసం వచ్చిన చాలా రోజులకి తిరుపతిలో ఏదో పెళ్ళికి వెళ్ళి, అక్కణ్ణుంచి గంట ప్రయాణమే కదా అని వాళ్ళింటికి పోయాను. పత్రిక చేతిలో పెట్టాను. ఆయన కళ్ళజోడు వెతుక్కుని మొదటినుంచీ పైకే చదవడం మొదలుపెట్టారు. వరండాలో పనిచేసుకుంటున్నవాళ్ళంతా వింటున్నారు. నా వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆగారు. ఇంకోసారి చదివారు. పక్కన అచ్చయిన ఫొటో మీద వేలు పెట్టి "యాడమ్మా, ఈ గీతేనా?" అని అడిగారు. అదే గీత. రాముడి భుజం దగ్గర లావుగా మొదలై, మోచేయి దాటి, మణికట్టు దగ్గరికి వచ్చేసరికి వెంట్రుకంత అయిపోయిన నల్లగీత.

"అంతరంగం కాదమ్మా, కలం ఎండింది. ఆ పొద్దు ఎండ జాస్తిగా ఉండింది."

ఎగతాళిగా అన్నా బాగుండేది. పాల ప్యాకెట్ అయిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పి, కాఫీ తెమ్మని లోపలికి కేక వేశారు.

నేను హైదరాబాద్‌లో ఒక కాలేజీలో చిత్రకళా చరిత్ర, కళాసిద్ధాంతం చెబుతాను. బొమ్మలు వేసే పిల్లలకి, బొమ్మలు వేయని నేను. ఆరో తరగతిలో ఏనుగుని గీస్తే "పంది బాగుంది" అని మెచ్చుకున్నారు డ్రాయింగ్ మాస్టారు. అప్పట్నుంచి పెన్సిల్ జోలికి పోలేదు. ప్రతి ఏడాదీ క్లాసులో ఎవరో ఒకరు అడుగుతారు, "మేడమ్, మీరెప్పుడైనా పెయింటింగ్ వేశారా?" అని. దానికి నా దగ్గర ఒక రెడీమేడ్ జవాబు ఉండేది. రాజశేఖరుడు.

వెయ్యేళ్ళ నాటి కావ్యమీమాంస అనే సంస్కృత అలంకార గ్రంథంలో ఆయన ప్రతిభను రెండుగా చెప్పాడు. చేసేవాడిది కారయిత్రి, ఆస్వాదించి విలువ కట్టేవాడిది భావయిత్రి. రెండూ ఒకరిలోనే ఉండాలని ఏం లేదంటూ అక్కడ ఒక పోలిక వస్తుంది. ఒక రాయి బంగారాన్ని కంటుంది, దాన్ని పరీక్షించే రాయి వేరే ఉంటుంది. అంటే గీటురాయి బంగారం పుట్టించనక్కర్లేదు. ఈ పోలిక చెబితే క్లాసు చప్పబడిపోయేది. అడిగిన పిల్లాడు కూర్చునేవాడు.

చేయనివాడికి తెలియదనే ఎదుటిపక్షం వాదన నాకు తెలియక కాదు, చెప్పేదాన్ని కాదంతే. విష్ణుధర్మోత్తర పురాణంలో వజ్రుడనే రాజు మార్కండేయుణ్ణి దేవతాప్రతిమల లక్షణం చెప్పమని అడుగుతాడు. చిత్రసూత్రం, అంటే బొమ్మలు వేసే శాస్త్రం, తెలియకుండా అది తెలియదంటాడు ముని. సరే అది చెప్పండంటే, నృత్యం తెలియకుండా చిత్రం తెలియడం కష్టమంటాడు. దానికి వాద్యం, వాద్యానికి గానం. పాపం రాజు విగ్రహం కోసం వచ్చి పాట దగ్గర తేలాడు. అయితే అక్కడున్న మాట తెలియడమే గానీ చేయడం కాదు. తెలియడమంటే చదివి తెలుసుకోవడమే అని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. అరిస్టాటిల్ దగ్గర ఆ సందు కూడా లేదు. పిల్లలు సంగీతం స్వయంగా వాయించి నేర్చుకోవాలి, చేయి పెట్టనివాడు మంచి పరీక్షకుడు కావడం కష్టం, పెద్దయ్యాక కావాలంటే మానేయవచ్చు అంటాడు రాజనీతి గ్రంథంలో. మన తెలుగులోనే చూస్తే తుమ్మపూడి సంజీవదేవ్ కళ గురించి రాశారు, రంగులూ వేశారు. నవలలు రాస్తూ బొమ్మలూ వేసిన అడివి బాపిరాజు సంగతి చెప్పనే అక్కర్లేదు. వీళ్ళని తలుచుకున్నప్పుడల్లా నాకు కాస్త ఇబ్బందిగానే ఉండేది. బొమ్మలు వేసే ప్రతివాడూ బొమ్మల గురించి బాగా రాస్తాడా ఏంటి అని గొణుక్కునేదాన్ని.

ఆ కాఫీ తాగిన మూడేళ్ళకి, ఎండాకాలం సెలవుల్లో, నలభై రోజులు ఉంటానని ఫోన్ చేశాను. నాకు గీయడం రాదని ముందే చెప్పాను. "రాకపోతే మంచిదే. వచ్చినోళ్ళకి చెయ్యి తిప్పేది కష్టం" అన్నారు పెద్దాయన.

మొదటి వారం నేను బొమ్మ మొహం చూడలేదు. చూసిందంతా గుడ్డే. ముతక గాడా గుడ్డని పేడనీళ్ళలో రాత్రంతా నానబెట్టడం, ఉతకడం, ఎండబెట్టడం. మళ్ళీ ఉతకడం. తర్వాత కరక్కాయ పొడి కలిపిన పచ్చిపాలలో ముంచి పిండడం. ఎనుము పాలే, అంటే గేదె పాలే కావాలి. ఆవుపాలు పలచన, వెన్న చాలదట. ఆ వెన్నే గీతను కట్టేస్తుంది, అది లేకపోతే ద్రావకం గుడ్డలోకి పాకిపోతుంది. వినడానికి తేలికగానే ఉంది. నేను ముంచిన మొదటి గుడ్డని ఒకవైపు గట్టిగా, ఒకవైపు వదులుగా పిండాను. ఆరాక చూస్తే అంతా ఒకేలా లేత పసుపుగా కనిపించింది. వారం తర్వాత దాని మీద గీత గీస్తే, సగం దాకా చక్కగా వచ్చి, మిగతా సగం రెండు పక్కలా వేర్లు తన్నింది. పిండినప్పుడు చేసిన తప్పు గీసినప్పుడు బయటపడింది. వాసన సంగతి కూడా చెప్పాలి. పాలు తాగిన గుడ్డ ఎండలో పులుస్తుంది. నేను పదిహేనేళ్ళలో కలంకారీ మీద రాసిన ఏ వ్యాసంలోనూ ముక్కు అనేది లేదు.

అసలు వాసన కసిమి కుండది. కసిమి అంటే నల్లగీతకి వాడే ద్రావకం. తుప్పు పట్టిన మేకులు, లాడాలు, ఇనపముక్కలు, బెల్లం, తాటిబెల్లం, నీళ్ళు. మూతకి గుడ్డ కట్టి మూడు వారాలు వదిలేస్తారు. పైన నురగ కడుతుంది. వడగడితే వచ్చేది టీ డికాక్షన్‌లా ఉండే ద్రవం. నల్లరంగు అంటే నల్లగా ఉంటుందనుకున్న నాకు అదొక వింత. గుడ్డ మీద పెడితే ముందు లేత గోధుమరంగులో ఉంటుంది. కరక్కాయలోని వగరూ, కసిమిలోని ఇనుమూ కలిసి కళ్ళముందే నల్లబడతాయి. గీసేవాడు గీసేటప్పుడు చూసేది నలుపును కాదన్నమాట. తన చేయి ముందు పోతుంటే నలుపు వెనకాల వస్తుంటుంది. ఆ వెనకాల వచ్చేదాన్ని చూస్తూ కూర్చుంటే చేయి వణుకుతుంది. నాకు అదే జరిగింది, నాలుగు రోజులు.

కలం అంటే చెక్కిన వెదురుపుల్ల. మొనకి రెండు మూడు అంగుళాల పైన ఉన్ని గుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. కలానికి సిరాబుడ్డి ఆ గుడ్డ ఉండ. కసిమిలో ముంచి, వేళ్ళతో ఉండని నొక్కుతూ గీయాలి. ఎక్కువ నొక్కితే బొట్టు పడుతుంది, తక్కువ నొక్కితే దిగదు. ముంచిన వెంటనే పెడితే మొదట్లో మచ్చ, అందుకే ముందు చిత్తుగుడ్డ మీద ఒక పోటు పొడిచి తర్వాత అసలు గుడ్డ మీదికి రావాలి. ఒక ముంపుకి ఎంత దూరం వస్తుందన్నది గీసేవాడి చేతిని బట్టి, ఎండని బట్టి, గుడ్డని బట్టి. నాకు జానెడు వచ్చేది. పెద్దాయనకి మూరెడు. పాతవాళ్ళు దీన్ని వ్రాతపని అనేవాళ్ళు. కలంకారీ కన్నా ఆ మాటే నాకు సరిగ్గా అనిపిస్తుంది, ఎందుకంటే ఇందులో తుడిచేయడం అనేది లేదు. చింతబొగ్గుతో వేసుకున్న చిత్తు గీత దులిపితే పోతుంది. కసిమి పడిందంటే పడిందే.

కలం పట్టిన తొమ్మిదో రోజుకి గీత గీతలా రావడం మొదలైంది. పదో రోజు పెద్దాయన పక్కన కూర్చుని ఊరికే చూశాను. పట్టాభిషేకం గీస్తున్నారు. అప్పటిదాకా ఆయన మొహాన్నో, బొమ్మనో చూసేదాన్ని. ఈసారి కలం ఎప్పుడు గిన్నెలోకి పోతోందో చూశాను. భుజం గీత భుజకీర్తి దగ్గర మొదలైంది. దండకడియం దగ్గర ఆగింది. కలం గిన్నెలోకి పోయింది. మళ్ళీ దండకడియం కింద మొదలై మణికట్టు కంకణం దగ్గర ఆగింది. గిన్నె. నడుము దగ్గర మొలనూలు. గిన్నె. పాదాల దగ్గర కడియం. గిన్నె. మొదటి బొట్టు లావూ, ఆఖరి గీత సన్నమూ రెండూ నగల కింద దాక్కుంటున్నాయి. ఎక్కడా అతుకు కనపడదు. నగ అంటే కలం ఊపిరి పీల్చుకునే చోటు.

ఇలా అని ఆయనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. అడిగితే "అంతే గదా మరి" అన్నారు. అందరూ ఇలాగే గీస్తారని నేననడం లేదు, ఈ ఇంట్లో నేను చూసింది ఇది.

చిత్రసూత్రంలో ఒక శ్లోకం ఉంది, నేను ప్రతి బ్యాచ్‌కీ బోర్డు మీద రాస్తాను. ఆచార్యులు రేఖను మెచ్చుకుంటారు, విచక్షణ ఉన్నవాళ్ళు వర్తనని, అంటే నీడల పనిని, మెచ్చుకుంటారు. స్త్రీలు నగలు కోరతారు, మిగతా జనం రంగుల జోరు కోరతారు. ఆడపిల్లలు ప్రతిసారీ నవ్వుతారు, నేనూ నవ్వి, ఆ కాలం అలాంటిదని చెప్పి ముందుకి పోతాను. రేఖ గొప్పవాళ్ళకి, నగలు తక్కువవాళ్ళకి అని అందులో ఒక మెట్ల వరస ఉంది కదా. ఆ రోజు వరండాలో నాకు అనిపించింది, ఈ ఇంట్లో రేఖ నిలబడిందే నగల మీద అని. నగని మెచ్చుకున్నావిడ తనకి తెలియకుండానే రేఖ మలుపుని మెచ్చుకుంది. శాస్త్రం రాసినాయన కలం పట్టాడో లేదో నాకు తెలియదు, ఈ శ్లోకం దగ్గర మాత్రం గీసేవాడి పక్కన కూర్చోలేదేమో అని అనుమానం.

ఆ రాత్రి లాడ్జిలో నిద్ర పట్టలేదు, కరెంటు పోయింది. ఫోన్‌లో నా పాత వ్యాసం తీసి ఆ ఫొటో మళ్ళీ చూశాను. భుజం నుంచి మణికట్టు దాకా ఒకటే గీత. మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఎందుకాగలేదు? దండకడియం లేదు. కంకణం లేదు. అది వనవాసంలో రాముడు. జటలు, నారచీర. చాలామంది అడవిలో కూడా రాముడికి కిరీటం తప్ప మిగతా నగలన్నీ ఉంచే గీస్తారు. ఈయన ఉంచరు. నగలు లేవు కాబట్టి కలానికి ఆగే చోటు లేదు. ఆగే చోటు లేదు కాబట్టి ఒక్క ముంపుతోనే భుజం నుంచి చేతిదాకా రావాలి. రాలేదు, ఎండింది. రాముడు రాజ్యం వదులుకున్నందుకు గీత సన్నబడింది.

లేచి కూర్చున్నాను. నా వాక్యం తప్పే. కానీ నేను చూసింది తప్పు కాదు. ఆ చేతిలో ఏదో కరిగిపోతోందని పదేళ్ళ కిందట నా కంటికి కనపడింది. ఎందుకో చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం, తెలిసిన కారణం ఏదీ లేక, అంతరంగం అనే డబ్బా తెరిచి అందులో పడేశాను. మాలాంటి వాళ్ళ దగ్గర ఇలాంటి డబ్బాలు చాలా ఉంటాయి. అంతరంగం, ఆత్మ, సంప్రదాయం, సామూహిక స్మృతి. తెలియని చోటల్లా ఒకటి తెరుస్తాం.

ఇది ఆయనకి చెప్పడానికి వారం పట్టింది. ధైర్యం చాల్లేదు.

ఈలోగా పటిక వచ్చింది. నాకు ఒక అశోకవనం ఇచ్చారు, రెండడుగుల గుడ్డ. చిత్తు ఆయనే గీశారు, నల్లగీతలు నేను. సీత ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంటుంది, వెనక చెట్టు. ఆవిడకీ నగలు లేవని మీకు చెప్పనక్కర్లేదు. నా జానెడు గీతలతో సీత చేతిని మూడు అతుకులతో గీశాను, ఏదో ఎముక విరిగినట్టు.

ఎరుపు రావాల్సిన చోటల్లా పటికనీళ్ళు పూయాలి. పటికనీళ్ళకి రంగు లేదు. పూసినప్పుడు తడి కనిపిస్తుంది, ఆరితే ఏమీ కనపడదు. ఎక్కడ పూశామో, ఎక్కడ మరిచిపోయామో, ఎక్కడ చింది పడిందో, అప్పటికి ఎవరికీ తెలియదు. ఆరనిచ్చి, పారే నీళ్ళలో జాడించి, మంజిష్ఠ వేసి కాచిన రాగి గంగాళంలో ఉడకబెడితే పటిక ఉన్నచోటల్లా ఎరుపు ఎక్కుతుంది. అంటే రంగు వేసే మనిషి రంగు చూడకుండా రంగు వేస్తుంది.

వేస్తుంది అనే అన్నాను. ఆ ఇంట్లో రంగులు పూసేది ఆడవాళ్ళు. కోడలు, ఆవిడ తోడికోడలు, పక్కవీధి నుంచి వచ్చే ఇద్దరమ్మాయిలు. నా వ్యాసంలో కళాకారుడు అనే మాట పద్నాలుగుసార్లు ఉంది, తర్వాత లెక్కపెట్టాను. అన్నిచోట్లా ఒక్కడే, అన్నిచోట్లా మగవాడే. ఎరుపు యాడ పడాలో గీతే చెబుతుందని పెద్దాయన అంటారు. కోడలితో ఆ మాటంటే ఆమె పటిక గిన్నెలోంచి తల కూడా ఎత్తలేదు. "గీత ఏం చెప్పదు మేడమ్. నేనే చూసుకుంటా." రావణుడి పది మొహాల్లో ఏ మొహానికి ఎంత ఎరుపన్నది ఆమె ఇష్టం. కిందటేడాది ఒక రావణుడి మీద అలిగి రెండు మొహాలు పాలిపోయినట్టు వదిలేసిందట. కొన్నవాళ్ళు బాగుందన్నారు.

గుడ్డలు జాడించడానికి స్వర్ణముఖికి వెళ్ళాం. నేనున్నప్పుడు ఏట్లో నీళ్ళకన్నా ఇసుకే ఎక్కువ. ఒకచోట చెలమలా నిలిచిన నీళ్ళు, దానికి బోరు నీళ్ళ పైపు తోడు. ఏటినీళ్ళలో జాడించిన ఎరుపు వేరు, బోరు ఎరుపు వేరు అని అక్కడ అందరూ అంటారు. 1950ల చివర్లో, చేతివృత్తుల్ని నిలబెట్టడానికి పనిచేసిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టినప్పుడు మోకాలిలోతు నీళ్ళు పారేవని పెద్దాయన చిన్నప్పుడు విన్నారట. మ్యూజియంలో పాత వస్త్రాన్నీ కొత్త వస్త్రాన్నీ పక్కపక్కన పెట్టి, ఎరుపులో తేడా చూసి, అభిరుచి మారిందని రాసిన పేరా ఒకటి నా ఖాతాలో ఉంది. అది తలుచుకుని నీళ్ళలోనే నిలబడిపోయాను. మారింది ఎంతవరకు అభిరుచి, ఎంతవరకు నీళ్ళు?

గుడ్డలు ఇసుకలో పరిచి కూర్చున్నప్పుడు పెద్దాయనకి చెప్పేశాను. పట్టాభిషేకంలో గిన్నె లెక్క, అడవి రాముడికి నగలు లేకపోవడం, గీత ఎందుకు ఎండిందన్నది. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. బీడీ వెలిగించారు.

"అడవి రాముడంటే చేతికి కష్టమని మా నాయన కూడా అంటా ఉండె. నేర్చుకునే పిల్లోళ్ళకి పట్టాభిషేకమే ఇస్తాం ముందు. ఇట్ట ఎందుకని నేనెప్పుడూ అనుకోలా." ఇంకో దమ్ము లాగి, "కలం ఎండిందంటి గదా. అది నిజమే. నగలు తీసేసింది మాత్రం నేనే గదమ్మా" అన్నారు.

నాకు ఆ నలభై రోజుల్లో దక్కినవాటిలో ఆ మాటే పెద్దది. నా గుడ్డ కన్నా కూడా. యాభై ఏళ్ళుగా గీస్తున్న చేతికి తెలిసిందాన్ని, తొమ్మిది రోజులు గీతలు పాడుచేసిన కన్ను మాటల్లోకి తెచ్చింది. నేను వెళ్ళకపోతే ఆయనకి వచ్చిన నష్టం ఏమీ లేదు, ఆయన అలాగే గీసేవారు. నేను గుడ్డ పాడుచేయకపోతే నాకు మాత్రం గిన్నెవైపు చూడాలనే ఆలోచనే వచ్చేది కాదు. ఎక్కడ చూడాలన్నది నాకు నా చేతకానితనం నేర్పింది. నా గీత జానెడు దగ్గర ఆగిపోయినప్పుడే కదా, ఈయనది ఎక్కడ ఆగుతోందన్న ప్రశ్న పుట్టింది.

అంచేత కళ గురించి మాట్లాడాలంటే కళాకారుడు కావాలా అంటే నేను ఇప్పటికీ అక్కర్లేదనే అంటాను. రాజశేఖరుడి గీటురాయిని నేను వదల్లేదు. క్లాసులో ఇప్పుడు ఇంకో మాట కలుపుతున్నాను, గీటురాయిని బంగారం పక్కన పెడితే ఏమీ తెలియదు, దాని మీద బంగారాన్ని రుద్దాలి, గీత పడాలి. నలభై రోజులు పట్టనక్కర్లేదు, కొందరికి నాలుగు రోజులు చాలు. అలాగని చేసినవాడికే మాట్లాడే హక్కు అనేవాళ్ళతో కూడా నాకు పేచీయే. అదే ఊళ్ళో ముప్ఫై ఏళ్ళుగా గీస్తున్న ఇంకొకాయన తన పని గురించి ఎప్పుడడిగినా, టూరిస్టులకి ఇచ్చే కరపత్రంలోని నాలుగు వాక్యాలే అప్పజెబుతారు.

నా గుడ్డ గంగాళంలోంచి బయటికి వచ్చింది. కోడలు కర్రతో పైకెత్తి చూసి "మేడమ్, ఇదేంది?" అంది. సీత చీరకి ఎరుపు బాగానే ఎక్కింది. చెట్టు పువ్వులు ఎక్కాయి. సీత కాలి పక్కన, ఖాళీ నేల మీద, చిటికెనవేలి గోరంత ఎర్రమచ్చ. పటిక పూసేటప్పుడు ఎప్పుడో కలం నుంచి ఒక చుక్క జారింది. నాకు తెలియనే లేదు.

పెద్దాయన చూసి తేలిగ్గా తీసేశారు. "దాని చుట్టూ నాలుగు రేకులు గీయి, పువ్వైపోతాది." ఖాళీల్లో కనపడే చిన్నచిన్న పువ్వుల్లో కొన్ని అలా పుట్టినవేనని అప్పుడు చెప్పారు. శూన్యాన్ని భరించలేని భారతీయ అలంకరణ దృష్టి గురించి నేను ఒక పెద్ద పేరా రాసి ఉన్నాను, అది గుర్తొచ్చి ఆ రోజుకి ఇంక చాలనిపించింది. మచ్చని అలాగే వదిలేస్తానన్నాను. చేసిన తప్పు కనపడనీ అని. నిజానికి అందులో కొంచెం గర్వం కూడా ఉంది.

పేడనీళ్ళు, ఎండ, మళ్ళీ పాలు, పసుపు, చివర్న నీలి. ఆ దశలన్నీ ఎవరైనా రాసినవి చదువుకోవచ్చు, నేను వాటిలో కొత్తగా పాడుచేసింది ఏమీ లేదు.

ఆ గుడ్డ ఇప్పుడు కాలేజీలో నా గది గోడ మీద ఉంది. ఎవరు వేశారో రాయలేదు. కిందటి సెమిస్టర్‌లో పిల్లలకి ఒక అసైన్‌మెంట్ ఇచ్చాను, కాలేజీలో ఉన్న ఏదైనా ఒక చిత్రాన్ని ఎంచుకుని రెండు పేజీలు రాయమని. కరీంనగర్ నుంచి వచ్చిన ఒకమ్మాయి నా సీతని ఎంచుకుంది. చేతికి ఉన్న మూడు అతుకుల్ని పట్టేసింది, గీసినవాళ్ళకి అనుభవం తక్కువని రాసింది. ఆ తర్వాత ఒక పేజీ అంతా ఆ ఎర్రమచ్చ మీదే. చెట్టు నిండా పువ్వులున్నాయి, నేల మీద రాలింది ఒక్కటే. దానికి రేకులు కూడా గీయలేదు, ఎందుకంటే సీత దాన్ని చూడటం లేదు. రావణుడు పెట్టిన ఏడాది గడువులో ఇంకా మొదట్లోనే ఉన్నాం, రాలాల్సినవి చాలా ఉన్నాయి అని.

పేపరు పక్కన పెట్టి గోడవైపు చూశాను. ఒక్కటే రాలిన పువ్వు. సీత చూపు దాని మీద నిజంగానే లేదు, చూపు చిత్తు పెద్దాయన గీసింది, చుక్క నేను జార్చింది, రెండింటికీ సంబంధం లేదు. అయినా ఇప్పుడు నాకు కూడా అది మచ్చలా కనపడటం లేదు.

పదికి ఏడు వేశాను. మర్నాడు వచ్చి మూడు మార్కులు ఎందుకు పోయాయని అడిగింది. అక్షరదోషాలకని చెప్పాను. అది అబద్ధం కూడా కాదు, రెండు పేజీల్లోనూ అశోకని అషోక అనే రాసింది.